కంప్యూటర్‌కి నాన్నగారు పెట్టిన ఐసు

మొన్న మా అమ్మాయి తన గదిలో కొత్త డెస్క్‌టాప్ బిగించుకుంది. వీడియో ఎడిటింగ్ ఉద్యోగం ఇంట్లోంచే చేస్తుంది కాబట్టి లాప్‌టాప్ చాలడం లేదని ఎన్నాళ్ళుగానో అంటోంది. విడిభాగాలన్నీ అట్టపెట్టెల్లో ఒక్కొక్కటే వచ్చాయి, తనే నేల మీద దుప్పటి పరుచుకుని కూర్చుని బిగించుకుంది, నేను కాఫీ గ్లాసు పట్టుకుని మంచం మీంచి చూశాను. ప్రాసెసర్ మీద పెద్ద ఫ్యాన్ ఉంటుందనుకుంటే దానికి బదులు రెండు నల్లటి గొట్టాలు, వాటిలో నీళ్ళు, ఆ నీళ్ళు వేడిని మోసుకుని పైనున్న రేడియేటర్‌లోకి వెళ్ళి చల్లారి మళ్ళీ కిందికి దిగుతాయట. పక్కన గాజు తలుపు, లోపల రంగురంగుల లైట్లు, చూడబోతే వినాయకచవితి పందిరిలా ఉంది. ఆన్ చేశాక ఏదో ఒక బటన్ నొక్కి, ఓవర్‌క్లాక్ అయిపోయిందమ్మా అంది. ఎంత వోల్టేజి ఇవ్వాలో, ఎంత వేడి దాకా పోవచ్చో, ఎక్కడ ఆగాలో అన్నీ బోర్డే చూసుకుంటుందట, మరీ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే నెమ్మదిస్తుందట. తెర మూలన డిగ్రీలు కూడా కనబడుతున్నాయి. అంతా విని, తలూపి, లేచి వెళ్ళి ఆ పెట్టె నెత్తి మీద అరచెయ్యి పెట్టాను. "ఏంటమ్మా, జ్వరం చూస్తున్నావా?" అని నవ్వింది.

జ్వరమే చూశాను. ఆ అలవాటు నాకు మా నాన్నగారి నుంచి వచ్చింది.

భీమవరం నుంచి ఉండి అనే ఊరికి వెళ్ళే రోడ్డు మీద మాకు ఐసు ఫ్యాక్టరీ ఉండేది. రొయ్యల చెరువులు పెరిగాక ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీలు చాలా వచ్చాయి గానీ మాది అంతకు ముందుది, సోడాబండ్లకీ పెళ్ళి పందిళ్ళకీ ఐసు పోసిన కాలం నాటిది. ఫ్యాక్టరీని ఆనుకునే ఇల్లు. కంప్రెసర్ చప్పుడు వినబడకపోతే మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టేది కాదు, చుట్టాలింటికి వెళితే అక్కడి నిశ్శబ్దానికి మెలకువ వచ్చేది. నాన్నగారు పొద్దున్నే కాఫీ తాగి, కండువా భుజాన వేసుకుని, ఫ్యాక్టరీలో ఉన్న ప్రతి మోటారు మీదా ఒక్కసారి అరచెయ్యి పెట్టి చూసేవారు. మీటర్లు లేక కాదు, అమ్మోనియా లైనుకీ ఆయిలుకీ అన్నిటికీ మీటర్లు ఉన్నాయి, వాటిని మేస్త్రీ చూసుకునేవాడు. నాన్నగారికి మాత్రం చెయ్యి పెడితే గానీ నమ్మకం కుదిరేది కాదు. అదే చేత్తో ఇంట్లోకి వచ్చి మా నుదుళ్ళు చూసేవారు. ఐసు దిమ్మల మధ్య తిరిగి తిరిగి ఎప్పుడూ చల్లగా ఉండే చెయ్యి అది. అది నుదుటి మీద ఉందంటే జ్వరం లేకపోయినా ఉన్నట్టు నటించి ఇంకాసేపు పడుకోవాలనిపించేది. చూసి, "బానే ఉందమ్మా, నడవనీ" అనేవారు. మోటారుకైనా, మాకైనా అదే మాట.

డిగ్రీ అయ్యాక, పెళ్ళి కాక ముందు, నేను కొన్నేళ్ళు పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేశాను. మన వయసు వాళ్ళకి ఆ క్యాసెట్లు గుర్తుండే ఉంటాయి. తామరపువ్వు విచ్చుకుంటే అందులోంచి పెళ్ళికూతురు, గుండె గుర్తు రెండుగా చీలితే ఒక ముక్కలో అబ్బాయి, ఇంకో ముక్కలో అమ్మాయి, భోజనాల దగ్గర లైటు కళ్ళలో పడి మొహం తిప్పుకునే చుట్టాలు. ఇప్పటి పిల్లలు చూసి పొట్ట పట్టుకుని నవ్వుతారు గానీ, ఆ తామరపువ్వు విచ్చుకోవడానికి కంప్యూటర్ ఎంతసేపు ప్రసవవేదన పడేదో చేసిన నాకు తెలుసు. ఊళ్ళో ఫోటోగ్రాఫర్లు టేపులు తెచ్చి ఇచ్చేవారు, నేను వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, కత్తిరించి, కలిపి, మళ్ళీ క్యాసెట్లోకి దింపి ఇచ్చేదాన్ని. ఆడపిల్ల షాపు పెట్టడమేంటని అమ్మ కొంచెం గొణిగింది. నాన్నగారు మాత్రం ఏమీ అనకుండా, ఐసు తొట్ల నీళ్ళలో కలిపే ఉప్పు బస్తాలు వేసుకునే ముందుగది ఖాళీ చేయించి సున్నం కొట్టించారు.

ఆ కంప్యూటర్‌ని రాజమండ్రిలో మా మేనమామ బిగించి ఇచ్చాడు. ఆయనకి అక్కడ కంప్యూటర్లు అసెంబుల్ చేసే కొట్టు ఉండేది. ఓవర్‌క్లాక్ అనే మాట నేను మొదట విన్నది ఆయన నోటి వెంటే. ప్రాసెసర్ తయారు చేసిన వాళ్ళు దాని మీద ఒక వేగం రాసి పంపుతారు, కానీ చాలావాటికి అంతకన్నా పరిగెత్తే సత్తా ఉంటుంది, మనం కొంచెం అదిలిస్తే బయటపడుతుంది, అంతే సంగతి. ఇప్పట్లా బటన్ కాదు. కరెంటు తీసేసి, పెట్టె విప్పి, మదర్‌బోర్డు మీద పెసరగింజంత ఉండే జంపర్లని పట్టకారుతో లాగి పక్క పుల్లలకి తగిలించాలి. అలా మూడు వందల మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ని నాలుగు వందల యాభై దాకా పరిగెత్తించవచ్చునని మామయ్య చెబుతుంటే, ఆవు చేత గుర్రప్పందెం ఆడిస్తానంటున్నట్టుగా విన్నాను.

ఆయన తొందరమనిషి కాడు. తనకి ఫోన్ చేసినప్పుడల్లా ఒకే పాఠం. ముందు వోల్టేజి ముట్టుకోకుండా వేగం ఒక మెట్టు పెంచు, పెంచి రోజంతా బరువైన పని చేయించు, నిలబడితే అప్పుడు ఇంకో మెట్టు. నిలబడకపోతే అప్పుడు వోల్టేజి, అదీ చిటికెడు. రెండు వోల్టులతో నడిచేదానికి రెండు పాయింట్ ఒకటి ఇవ్వు, రెండు పాయింట్ రెండు దాటించావంటే నాకు ఫోన్ చెయ్యకు అనేవాడు. వోల్టేజి పెంచితే బలం వచ్చినట్టే ఉంటుంది గానీ దాంతో పాటు వేడీ పెరుగుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి చూపించకుండా వోల్టేజి మీద చెయ్యి వెయ్యకూడదు. ప్రాసెసర్‌కీ దాని మీద కూర్చునే అల్యూమినియం దిమ్మకీ మధ్య రాసే తెల్లటి పేస్టు కూడా పల్చగా, మొహానికి స్నో రాసుకున్నంత రాయాలి గానీ గోడకి సున్నం కొట్టినట్టు కాదు. అప్పట్లో మా బోర్డుకి వేడి చూపించే ఏర్పాటు లేదు. అల్యూమినియం దిమ్మ అంచు మీద వేలు పెట్టి, అలా ఉంచగలిగితే పరవాలేదు, ఉంచలేకపోతే వెంటనే తగ్గించు, ఇదీ మామయ్య థర్మామీటర్.

ఈ సంభాషణలన్నీ నాన్నగారు పక్క గదిలోంచి వినేవారు. కంప్యూటర్ గురించి ఆయనకి తెలిసింది తక్కువ, వేడి గురించి తెలిసింది ఎక్కువ. మనం చలి తయారు చెయ్యమమ్మా, నీళ్ళలో ఉన్న వేడిని తీసి బయట పారేస్తాం, మిగిలిందే ఐసు, అని చిన్నప్పుడు నాకు చెప్పిన మనిషి. మీ మామయ్య చెప్పేదీ నేను చేసేదీ ఒకటేనన్నమాట అని ఆయన మురిసిపోయి, ఆ రోజు నుంచి పొద్దుటి తనిఖీలో నా కంప్యూటర్‌ని కూడా చేర్చుకున్నారు. మోటార్లన్నీ అయ్యాక వచ్చి దాని నెత్తి మీద చెయ్యి పెట్టేవారు.

ఆ వేసవిలోనే మా మేనత్త మనవరాలి పెళ్ళి మా ఊళ్ళో జరిగింది. మేనత్త అంటే నాన్నగారి అక్కయ్య. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే నాన్నగారిని ఎత్తుకుని పెంచింది ఆవిడే. నాన్నగారికి తల్లి మొహం గుర్తు లేదు, అక్కయ్య మొహమే గుర్తు. ఆవిడ నిడదవోలులో కొడుకు దగ్గర ఉండేది, కూతుర్ని భీమవరం ఇచ్చారు, ఆ కూతురి కూతురిదే పెళ్ళి. పుట్టిన దగ్గర్నుంచి అయిదేళ్ళు తన పక్కలోనే పడుకోబెట్టుకున్న మనవరాలు. తీరా పెళ్ళి నాటికి అత్తయ్య గుండె జబ్బుతో మంచం పట్టింది, ప్రయాణం మాటే ఎత్తవద్దన్నారు డాక్టర్లు. పెళ్ళయిన కొన్నాళ్ళకి రాజమండ్రి తీసుకెళ్ళి చూపిస్తే అక్కడి డాక్టర్లు పెదవి విరిచి, ఇంటికి తీసుకెళ్ళి ఏది ఇష్టమైతే అది పెట్టమన్నారు. తినడానికి ఆవిడ ఏమీ అడగలేదు. పిల్ల పెళ్ళి ఒక్కసారి కళ్ళారా చూస్తానంది.

కెమెరాలో ఉన్నది ఉన్నట్టు చూపించవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. రెండు కెమెరాల టేపులు అవి, గంటల తరబడి. ముహూర్తం ఒక టేపులో, తలంబ్రాలు ఇంకో టేపులో, మధ్యలో అంతా పందిట్లో తిరిగే జనం వీపులు. అత్తయ్య దిండ్లకి ఆనుకుని కూర్చోగలిగేది ఒక్క అరగంట. ఆ అరగంటలో గౌరీపూజ నుంచి అప్పగింతల దాకా ఆవిడకి కనబడాలి. ఆ అరగంట తయారు చేయడం నా పని అని నాన్నగారు ఇంట్లో ప్రకటించేశారు. ఆ రోజు నుంచి తిండి సహించక, పది నిమిషాలకోసారి ముందుగది గుమ్మంలో నిలబడేవారు.

కత్తిరించడం, కలపడం నేను త్వరగానే చేశాను. అసలు చిక్కు ఆ తరవాతే. కలిపినదంతా కంప్యూటర్ ఒక్కటిగా వండి ఇవ్వాలి, రెండరింగ్ అంటారు దాన్ని, అరగంట బొమ్మకి మామూలు వేగంతో అయితే ఒక పగలంతా పట్టేస్తుంది. మన ఊళ్ళో ఎండాకాలం అంత సేపు కరెంటు ఎక్కడుంటుంది? కోత పెట్టే లోపల అయిపోవాలంటే వేగం పెంచాల్సిందే. నిడదవోలు నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా అందరం చేతిలో పని వదిలేసి ఫోన్ దగ్గరికి చేరుతున్నాం. నేను మామయ్య చెప్పిన మెట్లన్నీ ఎక్కాను, నాలుగు వందల యాభై దగ్గర అది తడబడుతుంటే వోల్టేజి చిటికెడు పెంచాను, పక్క తలుపు తీసేసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టాను. అయినా సగం దాకా వచ్చి బొమ్మ బిగుసుకుపోయేది, లేదంటే మొత్తం ఆరిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యేది. వైశాఖ మాసపు ఎండ, గోడలు కూడా సెగలు కక్కుతున్నాయి. వేడే దీనికి కారణమని నేనూ అనుకున్నాను, నాన్నగారూ అనుకున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం, కంప్యూటర్ మళ్ళీ రెండరింగ్ మొదలుపెట్టాక, ఖాళీ క్యాసెట్ కోసం బజారుకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నా టేబుల్ మీద కంప్యూటర్ లేదు. నేల మీద, రొయ్యలు ప్యాక్ చేసే తెల్లటి థర్మోకోల్ పెట్టె ఉంది, కంప్యూటర్ అందులో కూర్చుని ఉంది. దాని చుట్టూ పాలిథిన్ సంచుల్లో కట్టిన ఐసు ముక్కలు, పైన తడిపిన గోనెపట్టా, వైర్లన్నీ పట్టా కింద నుంచి బుద్ధిగా బయటికి వస్తున్నాయి. చుక్క నీరు కారకుండా సంచుల మూతులు నూలుతాడుతో రెండేసి ముళ్ళు వేసి ఉన్నాయి. పక్కన ముక్కాలిపీట మీద నాన్నగారు కూర్చుని, రొయ్యల్ని విశాఖపట్నం దాకా చెడకుండా పంపించే మనిషిని నేను, నీ పెట్టె ఎంత అన్నట్టుగా నా వైపు చూశారు.

తెర నల్లగా ఉంది. నేను పట్టా ఎత్తి చూశాను. ఐసు నీరు ఒక్క చుక్క కూడా లోపలికి వెళ్ళలేదు, ఆయన పనిలో ఆ పొరపాటు జరగదు. కానీ మన వైపు గాలి సంగతి మీకు తెలుసు, పిండితే నీళ్ళొస్తాయి. చల్లటి కుండ చెమర్చినట్టు బోర్డు నిండా చెమటే, అల్యూమినియం దిమ్మ మీద, ప్రాసెసర్ చుట్టూ, ఎక్కడ పడితే అక్కడ సన్నటి నీటి బొట్లు. గబుక్కున స్విచ్ కట్టేసి, ప్లగ్ పీకేశాను. వేడిని తీసి పారెయ్యాలని ఊరందరికీ చెప్పే మనిషి, తీరా నా దగ్గరికి వచ్చేసరికి చలి తెచ్చి పోశారే అని కోపం ముంచుకొచ్చింది. తలెత్తి ఆయన మొహం చూశాక ఆ కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయనకి అర్థమైపోయింది. కండువాతో బోర్డు అద్దబోయి, ముట్టుకోవచ్చో లేదో తెలియక చెయ్యి గాల్లోనే ఆపేశారు.

"చల్లబడితే నడుస్తుందనుకున్నానమ్మా," అన్నారు. "అక్కయ్య ఎదురు చూస్తోంది కదా."

మామయ్యకి ఫోన్ చేశాను. సంగతంతా వింటూ ఆయన నవ్వు ఆపుకున్నాడో, ఏడుపు ఆపుకున్నాడో తెలియలేదు. చివరికి, బావగారిని ఏమీ అనకు, స్విచ్ మాత్రం ముట్టుకోకు అన్నాడు. ముట్టుకోవద్దని నాన్నగారు అప్పటికే అందరికీ చెప్పేశారు. తుఫానుకి తడిసిన మోటార్లని ఆయన ఎన్నిసార్లు ఎండబెట్టి బతికించారో, తడిసినదాన్ని తొందరపడి తిప్పితే కాలిపోతుందని ఆయనకి వేరే చెప్పనక్కరలేదు. చల్లబరచడంలో చేసిన పొరపాటుని ఎండబెట్టడంలో దిద్దుకోవాలని ఆయన పంతం పట్టారు. బోర్డు విప్పి, మెత్తటి పాత చీర ముక్కతో అద్ది, మేడ మీదికి తీసుకెళ్ళాం. అక్కడ అమ్మ గుమ్మడి వడియాలు పెట్టి ఉంది. నేరుగా ఎండ తగలకుండా నులకమంచం నిలబెట్టి, దాని నీడలో, వడియాల చీర పక్కనే ఇంకో నూలుచీర పరిచి బోర్డు పెట్టాం. ప్రాసెసర్‌ని విడిగా ఇత్తడి పళ్ళెంలో పెట్టాం. కాకులకి కాపలాగా అమ్మ కర్ర పట్టుకుని కూర్చుంది. వడియాలా కంప్యూటరా, దేని కోసం కాపలా అని పక్కింటావిడ అడిగితే, రెండూ ఎండాల్సినవేనండి, రెండూ పోయేది ఆయన చుట్టాలకే కదా అంది. నాన్నగారు భోజనానికి కూడా కిందికి దిగలేదు. విసనకర్రతో ఆ బోర్డుకి విసురుతూ కూర్చున్నారు. అంత శ్రద్ధగా ఆయన మాకు కూడా ఎప్పుడూ విసరలేదని అమ్మ ఎత్తిపొడిచింది.

మర్నాడంతా కూడా ఆరనిచ్చి, ఆ పైరోజు పొద్దున్న అన్నీ మళ్ళీ బిగించాను. పాత పేస్టు తుడిచి కొత్తది పల్చగా రాశాను. వోల్టేజి మళ్ళీ రెండుకే దించేశాను, వేగం ఒక మెట్టు తగ్గించాను. నాన్నగారు దేవుడి గదిలోకి వెళ్ళారు, స్విచ్ వేసిన చప్పుడు వినడానికి భయపడి వెళ్ళారని మాకు తెలుసు. ఫ్యాన్ తిరిగింది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. డిస్కులో పెళ్ళి అలాగే ఉంది, చెక్కు చెదరలేదు. నాన్నగారు బయటికి వచ్చి, నా మొహం చూసి, కండువాతో కళ్ళు తుడుచుకుని, ఎండ మండిపోతోందమ్మా అన్నారు.

రెండరింగ్ మొదలుపెట్టాం. నాన్నగారు ఈసారి కదల్లేదు, కంప్యూటర్ నెత్తి మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. పెట్టె వెచ్చగా ఉంది గానీ వేడిగా లేదు, మధ్యలో నేను వేలు పెట్టి చూస్తే దిమ్మ కూడా ఓర్చుకునేట్టే ఉంది. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా, పైన ట్యూబ్‌లైటు ఒక్క క్షణం కునికింది, కంప్యూటర్ ఆరిపోయి మళ్ళీ మొదటి నుంచి లేచింది. నాకు ఏడుపొచ్చింది. నాన్నగారు మాత్రం చెయ్యి తియ్యకుండా, చెవి ఫ్యాక్టరీ వైపు పెట్టి వింటున్నారు. రెండో కంప్రెసర్ అందుకున్న చప్పుడు వినబడుతోంది. మా ఇంటికి కరెంటు ఫ్యాక్టరీ లైన్లోంచే వస్తుంది. ఆ పెద్ద మోటారు లేచేటప్పుడు లైట్లు కునకడం మాకు పుట్టినప్పటి నుంచి అలవాటు, అది అందరి ఇళ్ళల్లో జరిగేదే అనుకుని పెరిగినవాళ్ళం. నేను చేసిన తప్పు లెక్క అప్పుడు తెలిసింది. బొమ్మ బిగుసుకుపోవడం వేరు, ఆరిపోయి మళ్ళీ లేవడం వేరు. మొదటిది వేగం వల్ల, వేడి వల్ల. రెండోది పక్కనే మా మోటారు కరెంటుని ఒక్క గుటకలో తాగేయడం వల్ల. అన్నిటినీ వేడి ఖాతాలోనే వేసుకుని ఇద్దరం ఆ పెట్టెని నానా హింసా పెట్టాం.

నాన్నగారు లేచి ఫ్యాక్టరీలోకి వెళ్ళారు. కాసేపటికి రెండో కంప్రెసర్ ఆగింది, ఇంకాసేపటికి మొదటిది కూడా. మన రొయ్యల ఊరివాళ్ళకి దాని అర్థం ఏంటో చెప్పనక్కరలేదు. చెరువుల్లో రొయ్యలు పట్టే పట్టుబడుల కాలం, గేటు దగ్గర ఐసు కోసం వ్యాన్లు, మినీలారీలు బారు తీరి ఉన్నాయి. వేసవిలో ఆయన కంప్రెసర్ కట్టేయడం నేను చూడడం అదే మొదటిసారి. తొట్లలో ఉప్పునీరు కొంతసేపు చలి పట్టి ఉంచుతుంది, పాత దిమ్మలు చెడవు, కొత్తవి మాత్రం తయారు కావు. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి, బయట జనం గొడవ చేస్తున్నారండి, ఏం చెప్పమంటారండి అని అడిగాడు. నాన్నగారు మళ్ళీ తన చెయ్యి కంప్యూటర్ మీద పెట్టుకుని కూర్చున్నారు.

"ఉన్న ఐసు సర్దు. లేనిదానికి, మా అక్కయ్యకి బాగోలేదని చెప్పు," అన్నారు.

విచిత్రమేమిటంటే, ఆ మాట వినగానే గేటు దగ్గర గొడవ సద్దుమణిగింది. కొందరు వేరే ఫ్యాక్టరీలకి వెళ్ళారు, కొందరు అక్కడే వేపచెట్టు నీడన కూర్చున్నారు. కరెంటు వాళ్ళు కూడా ఆ రోజు ఎందుకో మమ్మల్ని కరుణించారు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, నా కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడు ఒక్కటే, మా ఇంట్లో ఆ చప్పుడు అంత బాగా వినబడడం ఎప్పుడూ లేదు. రెండరింగ్ పూర్తయింది. దాన్ని క్యాసెట్లోకి దింపేటప్పుడు కూడా మధ్యలో ఆగకూడదు కాబట్టి ఆ అరగంటా నాన్నగారు ఇంట్లో ఎవరినీ ఒక్క స్విచ్ కూడా ముట్టుకోనివ్వలేదు. క్యాసెట్ బయటికి వచ్చాక నాన్నగారు మేస్త్రీ వైపు తిరిగి తలూపారు. కంప్రెసర్ అందుకుంది, లైట్లు కునికాయి, మేమంతా ఒక్కసారి నవ్వేశాం.

ఆ సాయంత్రమే ప్యాసింజర్ బండిలో నాన్నగారూ నేనూ నిడదవోలు వెళ్ళాం. క్యాసెట్‌ని ఆయన నా చేతికి ఇవ్వలేదు, తన ఒళ్ళో పెట్టుకుని కండువా కప్పారు. అత్తయ్యని లేపి దిండ్లు సర్ది కూర్చోబెట్టారు. మనవరాలు తామరపువ్వులోంచి వస్తుంటే ఆవిడ నోరు తెరుచుకుని చూసింది. తలంబ్రాలు చూసింది, అప్పగింతల దగ్గర ఏడ్చింది. అంతా అయ్యాక వెనక్కి తిప్పమంది. పెళ్ళికూతురి కోసం కాదు. భోజనాల బంతి వెనకాల, మజ్జిగ తొట్టిలో ఐసు వేస్తూ ఒక్క క్షణం నాన్నగారు కనబడతారు, తీసేయడం మరిచిపోయిన ముక్క అది. అక్కడ ఆపమంది. కదలకుండా నిలబెట్టిన బొమ్మని చాలాసేపు చూసి, మా తమ్ముడు చిక్కిపోయాడే, ఐసు పని కాస్త తగ్గించుకోమనండర్రా అంది. పక్కనే ఉన్న తమ్ముణ్ణి వదిలి బొమ్మలో తమ్ముడి మీద బెంగ పెట్టుకుంది. అప్పుడు నాన్నగారు కంప్యూటర్‌కి ఐసు పెట్టిన సంగతి తనే చెప్పారు, ఏదీ దాచకుండా. అత్తయ్య దగ్గొచ్చేదాకా నవ్వింది. నవ్వి, ఆయన్ని దగ్గరికి రమ్మని, వంగమని, నుదుటి మీద అరచెయ్యి పెట్టి చూసింది.

"ఎండలో తిరిగావు గానీ, బానే ఉందిలే నాన్నా," అంది.

నాన్నగారికి ఆ చెయ్యి పెట్టే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. అరవై దాటిన మనిషి, ఫ్యాక్టరీలో ఆయన మాటకి ఎదురు లేదు, అక్కడ మాత్రం చిన్నపిల్లాడిలా కళ్ళు మూసుకుని వంగి నిలబడ్డారు. అత్తయ్య ఆ వానాకాలం మొదట్లో వెళ్ళిపోయింది. ఆ లోపల క్యాసెట్ అరిగిపోయేదాకా చూసిందని వాళ్ళ కోడలు చెప్పింది.

తరవాత నా కంప్యూటర్‌కి వేరే కరెంటు లైను, మంచి స్టెబిలైజర్, ఒక యూపీఎస్ వచ్చాయి. మామయ్య స్వయంగా వచ్చి పెద్ద అల్యూమినియం దిమ్మ బిగించాడు, అప్పుడు నాలుగు వందల యాభై దగ్గర, ఆ చిటికెడు వోల్టేజితోనే అది నేను మిక్సింగ్ మానేసేదాకా నిక్షేపంగా నడిచింది. పెళ్ళిళ్ళు డీవీడీల్లోకి, ఆ తరవాత ఫోనుల్లోకి వెళ్ళాయి. నాన్నగారు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఫ్యాక్టరీ చేతులు మారింది, ఇప్పుడక్కడ కొత్త యంత్రాలు, అన్నీ కంప్యూటర్ చూసుకుంటుందట, చెయ్యి పెట్టి చూసే మనిషి అక్కరలేదు. బాగుపడ్డ సంగతి బాగుపడిందనే చెప్పాలి, నాకు ఆ కష్టాల మీద మోజేమీ లేదు. మా అమ్మాయి బటన్ నొక్కి సాధించినదానికి నేను వారం రోజులు తంటాలు పడ్డాను. కానీ నాకు ఒంట్లో నలతగా ఉందంటే అది తన కుర్చీలోంచే "ఎంత ఉందమ్మా?" అని అడుగుతుంది. నేను థర్మామీటర్ చూసి అంకె చెబుతాను. అంకె సరైనదే, ప్రేమకీ లోటు లేదు. నుదుటి మీద చెయ్యి మాత్రం ఉండదు.

నిన్న సాయంత్రం మా అమ్మాయి ఏదో పెద్ద వీడియో పెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటే, నేను వెనక నుంచి వెళ్ళి మళ్ళీ ఆ పెట్టె మీద చెయ్యి పెట్టాను. తెర మూలన డిగ్రీలు కనబడుతూనే ఉన్నాయి. అయినా అది ఇటు తిరిగి, హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి తప్పించి, ఎలా ఉందమ్మా అని అడిగింది. ఈసారి నవ్వలేదు.

"బానే ఉందమ్మా, నడవనీ" అన్నాను. అదే చెయ్యి దాని నుదుటి మీద కూడా పెట్టాను. పిల్ల కళ్ళు మూసుకుంది. నాన్నగారి మాట నాకు వచ్చింది, నాన్నగారి అలవాటూ వచ్చింది. ఆ చల్లదనమే నా చేతికి రాలేదు.